పుదుప్పేట ఇనుము గిన్నెల్లా మోగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: చెన్నై పెరంబూరులో నలుగురం కలిసి తెలుగులో ఇండస్ట్రియల్ రాక్ (యంత్రాల, ఇనుము మోతలతో చేసే రాక్) ఆల్బమ్ చేస్తున్నాం. పాత బండి సామాన్లు దొరికే పుదుప్పేటలో బ్రేక్ డ్రమ్ములు, లారీ కమాన్ పట్టీలు కొన్నాం. రిచీ స్ట్రీట్‌లో తెచ్చిన పియెజో బిళ్లలు (అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చేవి) వాటికి అంటించి రికార్డు చేశాం. పక్కన నిలబడి వింటే గుండె అదిరిపోతోంది, రికార్డింగులో మాత్రం గిన్నెలు జారిపడ్డట్టుంది. లోపం ఎక్కడ?

జవాబు: బిళ్లను ఇంటర్‌ఫేస్‌లో (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టెలో) ఎక్కడ గుచ్చారో మీరు రాయలేదు. లైన్ ఇన్‌పుట్‌లోనేనని మా అనుమానం. 27 మిల్లీమీటర్ల పియెజో బిళ్ల దాదాపు 20 నానోఫారడ్‌ల కెపాసిటర్‌తో సమానం. 10 కిలో ఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌కి కలిపితే 800 హెర్ట్జ్ కిందిదంతా అంతకంతకూ పలచబడిపోతుంది. ఇనుము బరువంతా అక్కడే ఉంటుంది కదా! గిటార్ కోసం ఇచ్చే 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌కి మార్చండి, ఆ హద్దు 8 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. ముందు ఈ ఒక్క పని చేసి వినండి.

గట్టిగా కొడితే బిళ్ల నుంచి కొన్ని వోల్టులు కూడా రావచ్చు. గెయిన్ (ఇన్‌పుట్‌లో సిగ్నల్‌ను పెంచే మోతాదు) బాగా తగ్గించి, పెద్ద దెబ్బ కూడా మైనస్ 12 డెసిబెళ్లు దాటకుండా చూసుకోండి. టంకం వేసేటప్పుడు తెల్లటి పూత మీద సోల్డరింగ్ ఐరన్‌ను రెండు సెకన్లకు మించి ఉంచొద్దు, పూత లేచిపోతుంది. వైరు షీల్డ్ ఉన్నదే కావాలి, లేకపోతే 50 హెర్ట్జ్ కరెంటు గుంయిమనే మోత పాటంతా వినిపిస్తుంది. మందపాటి స్పాంజి టేపు అదురును మింగేస్తుంది కాబట్టి పలచని డబుల్ సైడ్ టేపు వాడండి. ఈ సైజు బిళ్ల 4 కిలోహెర్ట్జ్ దగ్గర తనంతట తానే కీచుమంటుంది, ఈక్వలైజర్‌తో అక్కడ సన్నగా కోయాలి.

రెండో సంగతి, వస్తువు ఎంపిక. బ్రేక్ డ్రమ్ము పోత ఇనుము, బిగువైనది, అందుకే పై స్వరంలోనే మోగుతుంది. కింది స్వరం కావాలంటే తాడుతో వదులుగా వేలాడదీసిన పెద్ద రేకు గానీ, 200 లీటర్ల ఖాళీ పీపా గానీ వెతకండి. పీపాలో అంతకు ముందు ఏం పోశారో అడిగి తెలుసుకుని, కడిగాకే వాడండి. పోత ఇనుము మీద ఉక్కు సుత్తి వద్దు, ముక్కలు ఎగురుతాయి. కొయ్య సుత్తి, రక్షణ కళ్లద్దాలు, చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి.

ఉన్న బ్రేక్ డ్రమ్ముతోనే సరిపెట్టుకోవాలంటే 96 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకు 96 వేల కొలతలు) రికార్డు చేసి సగం వేగంతో వినండి. స్వరం ఒక స్థాయి (ఆక్టేవ్) దిగుతుంది. బిళ్లతో పాటు చెవికి అందని పైధ్వనుల్ని పట్టే మంచి కండెన్సర్ మైకు కూడా పెడితే, సగానికి దించినా మెరుపు చావదు. మైకు 1.7 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వేగం దించకముందే ఆ మైకు ట్రాక్‌ను అంత ముందుగా మొదలయ్యేలా జరపండి, లేకపోతే రెండూ కలిసినచోట దెబ్బ బోలుగా వినిపిస్తుంది. చివరగా ఇనుము ట్రాక్‌లో 150 హెర్ట్జ్ కిందిది కోసేసి ఆ చోటు కిక్ డ్రమ్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకి) వదలండి.

ప్రశ్న: అమెరికా ఇండస్ట్రియల్ రాక్ బ్యాండ్ నైన్ ఇంచ్ నెయిల్స్ 1994 ఆల్బమ్‌ను హత్యలు జరిగిన ఇంట్లో రికార్డు చేశారట. ఆ చీకటి ధ్వనికి అలాంటి చోటు కావాలా?

జవాబు: అక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌లో 1969 హత్యలు జరిగిన ఆ ఇంట్లోనే బ్యాండ్ నాయకుడు ట్రెంట్ రెజ్నర్ స్టూడియో పెట్టిన మాట నిజమే. ఒకరి కుటుంబం పడ్డ దుఃఖాన్ని ధ్వనికి సరుకు చేయకూడదని మా గట్టి అభిప్రాయం. ఆ ఆల్బమ్‌లో నేర్చుకోవాల్సింది పనితనం. అందులో బాగా పేరొచ్చిన 'క్లోజర్' కిక్ శబ్దం ఇగ్గీ పాప్ 1977 పాట 'నైట్‌క్లబ్బింగ్' నుంచి తీసుకుని మార్చినది. గోడలతో దానికి పనే లేదు.

ప్రశ్న: గొంతుకు డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెడితే తెలుగు మాటలు అర్థం కావడం లేదు. ఇంగ్లీషు పాటల్లో ఇంత ఇబ్బంది కనిపించదే?

జవాబు: మన ద్విత్వాక్షరాలే కారణం. 'కత్తి', 'నెత్తురు', 'పట్టు' అన్నప్పుడు ఒత్తు దగ్గర నాలుక కాసేపు ఆగుతుంది, ఆ నిశ్శబ్దమే ఒత్తును వినిపిస్తుంది. వేగంగా వదిలే కంప్రెసర్ (పెద్ద శబ్దాలను దించి హెచ్చుతగ్గులు సమం చేసేది), దాని వెనక డిస్టార్షన్ కలిసి ఏసీ హోరును, ఊపిరిని పైకి లేపి ఆ ఖాళీని నింపేస్తాయి. 'కత్తి' కాస్తా 'కతి' అవుతుంది. పైగా త, ట తేడా ముందున్న అచ్చు చివరలోనూ, నాలుక విడిచే కొసలోనూ ఉంటుంది, డిస్టార్షన్ దాన్నీ చదును చేస్తుంది.

గొంతు ట్రాక్‌ను రెండు చేయండి. ఒకటి శుభ్రంగా మధ్యలో ఉండనివ్వండి. రెండోదానికి ముందు గేట్ (ఒక మట్టానికి తగ్గిన శబ్దాన్ని మూసేసేది), తర్వాత 700 నుంచి 3500 హెర్ట్జ్ వరకే మిగిల్చే ఫిల్టర్, ఆ తర్వాతే డిస్టార్షన్. దాన్ని మొదటిదానికంటే 6 డెసిబెళ్లు తగ్గించి కలపండి. కంప్రెసర్ వదిలే సమయం (రిలీజ్) 150 మిల్లీసెకన్లకు తక్కువ వద్దు. రికార్డు చేసేటప్పుడు చెమటలు పట్టినా సరే, ఏసీ ఆపేయండి. సాహిత్యం చూడని వాళ్లెవరికైనా వినిపించి, విన్నది కాగితం మీద రాయమనండి. ఒత్తులు ఎక్కడ పోయాయో ఆ కాగితంలో కనిపిస్తుంది. ఆ చోట్ల మాత్రమే రెండో ట్రాక్‌ను మరో 3 డెసిబెళ్లు దించండి.