మ్యాకా, విండోసా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్‌లో చేరింది. మ్యాక్‌బుక్ ఎయిర్ కావాలంటోంది. కొనొచ్చా?

జవాబు: కంప్యూటర్ సైన్స్ అయితే నిక్షేపంగా కొనండి అనేవాళ్లం. మెకానికల్‌కు మాత్రం వద్దు. ఆ కోర్సులో వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉంది గానీ సాలిడ్‌వర్క్స్‌కు లేదు, అది విండోస్‌దే. పాత ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ అనే యాపిల్ సాఫ్ట్‌వేర్‌తో విండోస్ వేసుకునేవారు; 2020లో మొదలైన యాపిల్ సొంత ఎమ్ సిరీస్ చిప్‌లలో ఆ దారి మూసుకుపోయింది. పైగా ర్యామ్ తర్వాత పెంచుకోలేరు.

ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ చూడండి. బరువెక్కువ, బ్యాటరీ తక్కువ, తప్పదు. ర్యామ్‌కు ఖాళీ స్లాట్ ఉందో లేదో షాపులోనే అడగండి. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ మోడళ్లు చూడ్డానికి బాగున్నా, ఇలాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో పేచీ పెట్టొచ్చు.