బుజ్జీ, ఫ్రెంచ్ ముందు చెవితో మొదలుపెట్టు

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో ఫ్రెంచ్ నేర్చుకుందామనుకుంటున్నా పెద్దమ్మా, గ్రామర్ పుస్తకం కూడా కొనేశా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటావ్ అని అడిగావు కదా, అప్పుడు సగమే చెప్పగలిగాను, మిగతా సగం రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే పొద్దున్నే కూర్చుని రాసేస్తున్నా. నువ్వు కొన్న పుస్తకం మంచిదే అయ్యుంటుంది. కానీ ఒక్క నెల రోజులు దాన్ని అల్మరాలో పెట్టేయ్ తల్లీ.

ఎందుకంటే నేను చేసిన తప్పు అదే. నలభై ఏళ్ళు దాటాక మొదలుపెట్టాను, ఎనిమిది నెలలు పుస్తకం పట్టుకునే కూర్చున్నా, క్రియలన్నీ టేబుల్స్ వేసుకుని కంఠతా పట్టేశా, చదివితే అర్థమయ్యేది, రాస్తే తప్పులు పెద్దగా ఉండేవి కావు. ఒకరోజు రేడియోలో ఫ్రెంచ్ వార్తలు పెట్టుకుని విన్నా. పది నిమిషాల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత అదే వార్త అక్షరాల్లో చూస్తే ముప్పావు వంతు నాకు తెలిసిన మాటలే! కంటికి తెలుసు, చెవికి తెలీదు, అంతే. ఇక అక్కణ్ణుంచి మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నట్టే అయింది, పైగా నాలుక మీద తప్పుగా స్థిరపడిపోయిన పలుకు వదిలించుకోడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాది నీకు మిగలాలనే ఇదంతా రాస్తున్నా.

మనకి అలవాటైంది ఏంటంటే రాసింది రాసినట్టు పలకడం. ఫ్రెంచ్‌లో మాట చివర్న ఉండే హల్లు చాలాసార్లు నోట్లోంచి రాదు. మనం పారిస్ అంటాం, వాళ్ళు పరీ అంటారు, చివరి స కాగితం మీదే ఉండిపోతుంది. మాట్లాడటం అనే క్రియ తీసుకో, నేను, నువ్వు, అతను, వాళ్ళు, ఈ నలుగురికీ కలిపి స్పెల్లింగులు మూడున్నాయి, పలకడం మాత్రం నలుగురికీ ఒకటే, పార్ల్. పుస్తకం ముందు చదివితే కన్ను ఆ చివరి అక్షరాలన్నీ పలికించేస్తుంది, చెవి ముందు వింటే ఆ అక్షరాలు నిన్ను ఏమీ చెయ్యలేవు.

ఇంకో సంగతి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చాలా ఆలస్యంగా నాకే తట్టింది. ఫ్రెంచ్ వినేటప్పుడు మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలీదు, వాక్యమంతా ఒకే తాడులా వచ్చేస్తుంది, అందరూ బెదిరిపోయేది ఇక్కడే. కానీ మనం బెదరక్కర్లేదు, మనకి సంధులున్నాయి! మేము, అందరం కలిస్తే మేమందరం అయినట్టే, ల అనే ఆర్టికల్‌కి (ఇంగ్లీష్ ద లాంటిది) అమీ (స్నేహితుడు) తగిలితే లమీ అవుతుంది. మొదటి అచ్చు పోయి రెండో అచ్చు నిలబడటం మనం చిన్నప్పట్నుంచీ చేస్తున్న పనే. మా, అమ్మ కలిసి మాయమ్మ అయినప్పుడు మధ్యలో య వచ్చి కూర్చుంటుంది చూడు, అలాగే ల కి బహువచనమైన లే, అమీ కలిస్తే లేజమీ (స్నేహితులు), వు, అవే కలిస్తే వుజవే (మీకు ఉంది). దీన్ని వాళ్ళు లియెజోఁ అంటారు. తేడా ఒకటుంది, మన య బయట్నుంచి వస్తుంది, వాళ్ళ జ మాత్రం ముందు మాట చివర పలక్కుండా ఉండిపోయిన స అక్షరమే, పక్కన అచ్చు వచ్చేసరికి లేచి పలుకుతుంది. కొన్ని మాటల దగ్గర ఇది చెయ్యకూడదు, వీరుడు అనే అర్థమొచ్చే ఎరో అలాంటిదే, బహువచనంలో లే ఎరో అని విడిగా అనాలి, కలిపేస్తే సున్నాలు అని వినపడుతుంది. అలాంటివి వస్తున్నప్పుడు చూసుకుందువు గానీ, ముందు ఆ తాడుని విను.

నోటి విషయానికొస్తే నువ్వు సగం గెలిచే ఉన్నావ్. ఫ్రెంచ్‌లో క, త, ప లు గాలి వదలకుండా పలుకుతారు, అచ్చం మన క, త, ప లాగే. త, ద లకి నాలుక పళ్ళకే తగలాలి. ఇంగ్లీష్ అలవాటులో ట, డ అనేస్తాం, అదొక్కటి గట్టిగా ఆపుకో, నువ్వు అనడానికి త్యు అనాలి, ట్యు అనకూడదు.

కష్టపడాల్సినవి మూడు. ఒకటి, ఇప్పుడు త్యు అని రాశానే, ఆ అచ్చుకి మన దగ్గర అక్షరం లేదు. ఈ అని సాగదీస్తూ ఉండు, నాలుక కదపకుండా పెదాలు మాత్రం ఊ కి చుట్టినట్టు చుట్టు, వచ్చేసింది. ఇది ఎందుకంత ముఖ్యమంటే మామూలు ఊ కూడా వాళ్ళకి వేరే ఉంది, ఈ రెండూ కలిపేస్తే అర్థం మారిపోతుంది. ఆ అచ్చుతో ర్యూ అంటే వీధి, రూ అంటే చక్రం. దస్యూ అంటే పైన, దసూ అంటే కింద, చూశావా, పైకీ కిందకీ తేడా ఆ పెదాల దగ్గరే ఉంది! రెండోది ముక్కుతో పలికే అచ్చులు. వీటికి పాత పుస్తకాల్లో కనిపించే అరసున్న గుర్తు తెచ్చుకో. బోఁ అన్నప్పుడు నాలుక పైకి వెళ్ళి న్ అనో మ్ అనో మూసెయ్యకూడదు, గాలి సగం ముక్కులోంచి పోనిచ్చి ఓ దగ్గరే వదిలెయ్యాలి. మంచి అని పుంలింగంలో చెప్తే బోఁ, స్త్రీలింగంలో చెప్తే బొన్, అక్కడ న్ స్పష్టంగా పలకాలి. మూడోది గొంతులోంచి వచ్చే ర. నీళ్ళు పుక్కిలిస్తే గొంతులో కదిలే చోటు ఉంటుంది కదా, అది అక్కణ్ణుంచి వస్తుంది. దానికోసం మాత్రం నెలలు పోగొట్టుకోకు, మన ర పలికినా అందరికీ అర్థమవుతుంది, మిగతా రెండూ తప్పితేనే అర్థం కాదు.

మరి మొదటి నెల ఏం చెయ్యాలి అంటే, రోజుకి అరగంట. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేస్తే భాష ఎక్కదు, ఇది నేను చాలామందిలో చూశా. ఒక నిమిషం మించని ఆడియో తీసుకో, దానికి రాత కూడా ఉండాలి. టీవీ5 మోఁద్ అనే ఫ్రెంచ్ టీవీ ఛానల్ వాళ్ళ సైట్‌లో ఎ1 అని మొట్టమొదటి లెవెల్ పెట్టి చిన్న వీడియోలు, ఎక్సర్‌సైజులు ఉంటాయి, ఉచితమే, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. కాగితం చూడకుండా ఐదుసార్లు విను, ఏమీ అర్థం కాకపోయినా సరే విను, ఆరోసారి కాగితం చూస్తూ విను, తర్వాత ఆ మనిషితో పాటే గొంతు కలిపి చదువు, వాళ్ళు ఎక్కడ గబగబా అంటే నువ్వూ అక్కడ గబగబా అను. చివర్లో ఫోన్‌లో రికార్డ్ చేసి రెండూ పక్కపక్కన పెట్టుకుని విను. మన గొంతు మనకే ఇబ్బందిగా ఉంటుంది, తెలుసు, అయినా చెయ్యి, నాకు ఉచ్చారణ బాగుపడింది దీనివల్లే. ఆరేడు నెలలయ్యాక ఆర్‌ఎఫ్‌ఐ రేడియోలో సులభమైన ఫ్రెంచ్‌లో వార్తలు అని పది నిమిషాల బులెటిన్ వస్తుంది, అది పెట్టుకో. ఇప్పుడే వద్దు.

నెల గడిచాక పుస్తకం తియ్యి. తీసిన రోజు నుంచే ఒక అలవాటు చేసుకో, ఏ నామవాచకాన్నీ ఒంటరిగా నేర్చుకోకు. మనకి చెట్టూ, ఇల్లూ, పుస్తకమూ అన్నీ అది. వాళ్ళకి ఆ నపుంసకం లేదు, ప్రతి వస్తువూ ఆడో మగో అయ్యి తీరాలి. సూర్యుడు పుంలింగం, చంద్రుడు స్త్రీలింగం. మనిషి అనడానికి పెర్సొన్ అంటారు, నువ్వు చెప్పేది మగవాడి గురించైనా ఆ మాట స్త్రీలింగమే. ఎందుకు అని అడగొద్దు, అడిగితే అక్కడే ఆగిపోతావ్. పుస్తకాల్లో ల (పుంలింగం), లా (స్త్రీలింగం) లతో నేర్చుకోమంటారు, నన్నడిగితే ఒక అని అర్థమొచ్చే అఁ (పుంలింగం), యూన్ (స్త్రీలింగం) లతో నేర్చుకో, ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే మాట ముందు ల, లా రెండూ ఒకేలా అయిపోతాయి, బడి అనే మాట లెకోల్ అని గుర్తుపెట్టుకుంటే ఆడా మగా తెలీదు, యూన్ ఎకోల్ అంటే స్త్రీలింగమని మాటలోనే ఉంది. కొన్ని చివర్లు సాయం చేస్తాయి, ఇంగ్లీష్‌లో షన్ అని ముగిసే మాటలు అక్కడ స్యోఁ అని ముగుస్తాయి, అవి స్త్రీలింగం, మాఁ అని ముగిసే గువెర్న్‌మాఁ (ప్రభుత్వం) లాంటివి పుంలింగం.

క్రియల దగ్గర ఆశపడి అన్ని కాలాలూ ఒకేసారి మీదేసుకోకు. ఉండటం, కలిగి ఉండటం, వెళ్ళటం, చెయ్యటం, ఎత్ర్, అవ్వార్, అలే, ఫేర్, ఈ నాలుగూ వర్తమానంలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. వెళ్ళటం వస్తే భవిష్యత్తు వచ్చేసినట్టే, జ వే పార్లే అంటే మాట్లాడబోతున్నా అని. కలిగి ఉండటం, ఉండటం వస్తే జరిగిపోయినవి చెప్పొచ్చు, ఎక్కువ క్రియలకి అవ్వార్, రావడం, పోవడం, పుట్టడం, చనిపోవడం లాంటి ఓ పదహారు పదిహేడింటికి ఎత్ర్. ఇక పాసే సేఁప్ల్ అని ఒక భూతకాలం పుస్తకంలో కనిపిస్తుంది, అది కథల్లో రాయడానికే, మాటల్లో ఎవరూ వాడరు, ఇప్పుడు దాటేసెయ్.

నువ్వు, మీరు సంగతి నీకు చెప్పక్కర్లేదు, త్యు అంటే నువ్వు, వు అంటే మీరు, ఇంగ్లీష్ వాళ్ళు తలపట్టుకునే చోట మనకి పనే లేదు. కాకపోతే ఒక్కటి, కొత్తవాళ్ళు నీ ఈడువాళ్ళలా కనిపించినా వు తోనే మొదలుపెట్టు, వాళ్ళే త్యు అనుకుందాం అంటారు.

అంకెలు మాత్రం పెద్ద గొంతుతో, రోజూ. 69 దాకా బానే ఉంటుంది, 70 అంటే అరవై పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 99 అంటే నాలుగు ఇరవైల పందొమ్మిది, కాత్ర్‌వేఁ దిజ్‌నఫ్. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో 70కి సెప్తాఁత్, 90కి నొనాఁత్ అని హాయిగా ఉంటుంది, ఫ్రాన్స్‌లో మాత్రం ఇదే. ఫ్రాన్స్‌లో ఫోన్ నెంబర్ పది అంకెలు, రెండేసి జతలుగా చదువుతారు, అరవై అని వినగానే 6 రాసేస్తావ్, తర్వాత పదమూడు అంటారు, అప్పుడు అది 73 అని తెలుస్తుంది, ఈలోగా తర్వాతి జత వెళ్ళిపోతుంది. ఎవరిచేతైనా నెంబర్లు చదివించుకుని రాసుకుంటూ ఉండు, వేరే దారి లేదు.

ఇంగ్లీష్ నీకు బాగా వచ్చు కాబట్టి మాటల కొదవ ఉండదు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక కొన్ని వందల ఏళ్ళు అక్కడ దొరల భాష ఫ్రెంచే, అందుకే ఇంగ్లీష్‌లో వేలకి వేలు ఫ్రెంచ్ మాటలున్నాయి. అచ్చు నెత్తిన చిన్న గొడుగు గుర్తు కనిపిస్తే చాలాచోట్ల అక్కడ ఒకప్పుడు స ఉండేదని అర్థం, ఒపితాల్ అంటే హాస్పిటల్, ఫొరె అంటే ఫారెస్ట్, స వేసి చూసుకుంటే మాట దొరికిపోతుంది. కానీ పోలికని నమ్మి మోసపోయే మాటలూ ఉన్నాయి, లిబ్రెరీ అంటే పుస్తకాల షాపు, లైబ్రరీ అంటే బిబ్లియొతెక్. అక్త్యుయెల్‌మాఁ అంటే ప్రస్తుతం అని, యాక్చువల్లీ అని కాదు. బ్లెసే అంటే గాయపరచడం, దీవించడం అనుకుని వాడేవు!

ఒకటిన్నర నెల తర్వాత వారానికి ఒక్కసారైనా మనిషితో మాట్లాడు, టీచరైనా సరే, నీతోపాటు నేర్చుకునే వాళ్ళైనా సరే. అప్పుడు పుస్తకంలో లేని ఫ్రెంచ్ ఎదురవుతుంది, కంగారుపడకు. కాదు, లేదు అనడానికి న, పా అని రెండు ముక్కలు నేర్పుతారు, మాటల్లో ఆ న ఎగిరిపోతుంది, నాకు తెలీదు అనే జ న సే పా చివరికి షె పా అయిపోతుంది. మేము అనడానికి ను బదులు ఓఁ అంటారు. పుస్తకం తప్పు చెప్పలేదు, రాసేటప్పుడు న ఉండాల్సిందే. మనం మాత్రం రాసినట్టు మాట్లాడతామా ఏంటి?

పరీక్ష రాయాలా అన్నావు. డెల్ఫ్ అని ఉంది, ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే డిప్లొమా, ఎ1 నుంచి బి2 దాకా, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25 మార్కులు, 100కి 50 వస్తే చాలు, కానీ దేంట్లోనూ 5కి తగ్గకూడదు. తేదీ ఉంటే చదువు సాగుతుంది కాబట్టి రాయి, కానీ ఎ1 పాసవ్వడం కోసమని పాత పేపర్లు బట్టీ పట్టకు, నువ్వు వింటున్నంతకాలం ఎ1 దానంతటదే వస్తుంది.

మూడో నెల, నాలుగో నెల మధ్యలో ఓసారి ఏమీ ముందుకి కదలట్లేదు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. అప్పుడు మొదటి వారంలో విన్న ఆడియో మళ్ళీ పెట్టుకుని విను. అది చాలా నెమ్మదిగా ఉందనిపిస్తుంది చూడు.

ఇవాళ నుంచి లెక్క. వచ్చే ఆదివారానికి ఒక నిమిషం ఆడియో ఎంచుకుని, నీ గొంతుతో చదివి రికార్డ్ చేసి నాకు పంపు, ర్యూ, రూ రెండూ వచ్చేది చూసి ఎంచుకో, ఆ పెదాలు సరిగ్గా చుడుతున్నావో లేదో వినాలి నేను.

నీ పెద్దమ్మ