ముసురు పట్టినప్పుడల్లా షేర్లు అమ్మేస్తున్నాను, ఏం చేయను?

ప్రశ్న: మాది నెల్లూరు. పన్నెండేళ్లుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. నా వయసు 39. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 15,000 సిప్ (నెలనెలా ఒకే మొత్తం పెట్టే పెట్టుబడి) కడుతున్నాను. అది కాక 6 లక్షల దాకా షేర్లున్నాయి. ఈమధ్య పాత లావాదేవీలు తిరగేస్తే, నేను అమ్మినవి దాదాపు అన్నీ వాన రోజుల్లోనే అని తేలింది. గత అక్టోబరులో నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు పది నెలల కిందట కొన్న షేర్లు 2,00,000కి అమ్మాను, అందులో లాభం 30,000. ఎండ కాశాక అవే షేర్లు 2,09,000 పెట్టి కొన్నాను. మా ఆయనేమో "వాన రోజున మార్కెట్ పడుతుందట, అప్పుడు కొని ఎండ రోజున అమ్ము" అంటున్నారు. వాతావరణానికీ మార్కెట్‌కీ నిజంగా సంబంధం ఉందా?

జవాబు: అమ్మా, తేదీల పక్కన వానను పెట్టి చూసుకున్నారే, ఆ పని చాలామంది చేయరు. సగం జబ్బు మీరే కనిపెట్టారు.

మీవారు విన్నది ఉత్త గాలి కబురు కాదు. 1993లో సాండర్స్ అనే ఆర్థికవేత్త, న్యూయార్క్‌లో మబ్బు కమ్మిన రోజుల్లో అక్కడి సూచీలు కాస్త నీరసంగా ఉంటున్నాయని చూపించారు. 2003లో హిర్ష్‌లైఫర్, షమ్‌వే 26 దేశాల లెక్కలు తీస్తే, ఎండ కాసిన రోజుల్లో మార్కెట్ కొంచెం మెరుగ్గా ఉన్నట్టు తేలింది. అయితే ఎండను లెక్కలోకి తీసుకున్నాక వానకి విడిగా ఏ ప్రభావమూ కనబడలేదు. పైగా ఆ తేడా ఎంత సన్ననిదంటే, కొని అమ్మే ఖర్చులే దాన్ని మింగేస్తాయని వాళ్లే రాశారు. మీవారు చెప్పిన పద్ధతి అక్కడే ఆగిపోతుంది. రోజువారీ ట్రేడింగ్ వైపు జారితే ఇంకా ప్రమాదం. 2022-23లో షేర్లలో ఇంట్రాడే (కొన్నవి ఆ రోజే అమ్మేయడం) చేసిన వ్యక్తుల్లో పదిమందిలో ఏడుగురు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది.

అసలు ఏ ఊరి ఆకాశం చూస్తారు? ఎక్స్ఛేంజీలు ముంబయిలో ఉన్నాయి. మనకి ఈశాన్య రుతుపవనాలు దంచి కొట్టే నవంబరులో అక్కడ వానాకాలం ముగిసి ఉంటుంది. ఆర్డర్లు వచ్చేది దేశమంతటి నుంచీ, విదేశాల నుంచీ. వేళచ్చేరి మబ్బు సంగతి వాళ్లెవరికీ తెలియదు.

2023 డిసెంబరు 4, సోమవారం గుర్తుందా? మిచౌంగ్ తుఫాను. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు, నా ఫోన్లో చార్జింగ్ 18 శాతం. ఒక క్లయింటు ఫోన్ చేసి, కారు నీళ్లలో తేలుతోందని చెబుతూ, "సార్, మార్కెట్ కూడా మునిగిపోయి ఉంటుంది, మొత్తం అమ్మేయనా?" అన్నారు. గొంతు వణుకుతోంది. నేను నోరు తెరిచేలోపే సిగ్నల్ పోయింది. ఆ రోజు నిఫ్టీ సూచీ 2 శాతం పైగా ఎగిరి 20,686 దగ్గర ముగిసింది. ముందురోజు వచ్చిన మూడు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు మార్కెట్‌కి నచ్చాయి, అంతే. నెట్ లేక ఆయన అమ్మలేకపోయారు. వారం తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. కారు బాగుచేయించాలి, బ్యాంకులో ఉన్నది 11,000. ఆయన భయం మార్కెట్ గురించి కానే కాదు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆయనే గుర్తొచ్చారు. సిప్ గురించి రాశారు, షేర్ల గురించి రాశారు. అత్యవసరానికి పక్కన పెట్టిన డబ్బు మాటే లేదు. వేళచ్చేరిలో ఉంటూ ముసురు పట్టగానే చేతిలో డబ్బు ఉండాలనిపించడం సహజం. దానికి షేర్లు అమ్మడమే మందు కాకూడదు.

అక్టోబరు ముసురు మీకెంత ఖర్చయిందో చూడండి. తిరిగి కొన్నప్పుడు ఎక్కువ పెట్టింది 9,000. రెండు వైపులా ఎస్‌టీటీ (షేర్లు కొన్నా అమ్మినా పడే లావాదేవీ పన్ను) 409, స్టాంపు డ్యూటీ 31. ఏడాది నిండకుండా అమ్మారు కాబట్టి 30,000 లాభం మీద 20 శాతం పన్ను, సెస్సుతో కలిపి 6,240. మొత్తం 15,680, బ్రోకరేజీ కాకుండా. ఇంకో రెండు నెలలు పైన ఆగి ఉంటే, అలాంటి లాభాలన్నీ కలిపి ఏడాదికి 1,25,000 లోపు ఉన్నంతవరకు పన్నే లేదు. అదే సమయంలో మీ సిప్ మాత్రం ముసురులోనూ తన తేదీకి తాను కట్టుకుంటూ పోయింది. దాన్ని మీరు ముట్టుకోలేదు, అదే దాని బలం.

ఇక చేయాల్సింది. సెప్టెంబరు లోపు మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. ఒక నెలది సేవింగ్స్ ఖాతాలో, మిగతాది త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లోనో ఎఫ్‌డీలోనో. అవసరమైతే ఇప్పుడే, తీరిగ్గా, ఏడాది నిండిన షేర్లు కొన్ని అమ్మి అయినా సరే. ఇంట్లో ఐదారు వేలు నోట్ల రూపంలో ఉంచండి, నెట్‌వర్క్ పోతే యూపీఐ పనికిరాదు. కారు ఉంటే పాలసీలో ఇంజిన్ ప్రొటెక్షన్ ఉందేమో చూడండి. అది లేకపోతే నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీ ఇవ్వదు.

అమ్మాలనిపించిన రోజున ఆర్డరు పెట్టకండి. నోటుబుక్‌లో తేదీ వేసి, మొదటి మాటగా ఆకాశం ఎలా ఉందో రాయండి. ఇది ఊరికే చెప్పట్లేదు. 1983లో ష్వార్జ్, క్లోర్ అనే మనస్తత్వవేత్తలు ఫోన్లు చేసి జనాన్ని వాళ్ల జీవితం ఎలా ఉందని అడిగారు. వాన రోజున అడిగితే బాగోలేదన్నట్టు చెప్పారు. ముందుగా "మీ దగ్గర వాతావరణం ఎలా ఉంది?" అని అడిగి, తర్వాత అదే ప్రశ్న వేస్తే ఆ తేడా పోయింది. దిగులు మబ్బుదని తెలిస్తే దాన్ని జీవితానికి అంటగట్టరు. ఆ కింద షేరు పేరు, అమ్మాలన్న కారణం రాసి, మూడు ట్రేడింగ్ రోజులు ఆగండి. కంపెనీ లాభాలు తగ్గాయి, అప్పు పెరిగింది లాంటి కారణమైతే మూడు రోజుల తర్వాతా నిలబడుతుంది, నిరభ్యంతరంగా అమ్మండి.

మీ నెల ఖర్చు ఎంతో, కారు పాలసీ గడువు ఎప్పుడో రాసి పంపండి. ఏ షేర్లకు ఏడాది నిండిందో కూడా రాస్తే, పక్కన పెట్టాల్సిన డబ్బు వేటి నుంచి తీయొచ్చో చెప్తాను.