పాత ఒపేరా రికార్డుల్లో గరగర తీసేస్తే భద్రపరచినట్టేనా?

తాతగారి పెట్టెలో దొరికిన నాలుగు ఒపేరా ప్లేట్లలో గరగర ఎక్కువగా ఉందనీ, ఆ శబ్దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తీసేసి ఎంపీ3గా దాచుకుంటే సరిపోతుందా అనీ మీరు అడిగారు. సరిపోదు. న్యూజెర్సీలో ఉంటూ పదేళ్లకు పైగా ఇలాంటి ప్లేట్లను సేకరించి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. మొదట్లో నేనూ మీరు అనుకుంటున్న పనే చేసి ఒక ప్లేటును పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అది ఇటలీ ఒపేరా గాయకుడు ఎన్రికో కరూసో 1907లో విక్టర్ రికార్డుల కంపెనీకి పాడిన ‘వెస్తి లా జూబ్బా’ అనే ఒపేరా పాట. మసి పట్టి ఉందని స్పిరిట్‌లో ముంచిన దూదితో అంచు తుడిచాను. దూది నల్లబడుతుంటే మురికి వదులుతోందని సంతోషించాను. నిజానికి వదులుతున్నది ప్లేటే. ఆ కాలపు ప్లేట్లలో పొడినంతా పట్టి ఉంచేది లక్క, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. తుడిచిన మేరకు నిగనిగ పోయి, పాట ఎత్తుగడలోని వాద్యాలు మొద్దుబారిపోయాయి. మీరు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తని బ్రష్‌తో, లేబుల్ తడవకుండా శుభ్రం చేయండి.

రెండో పొరపాటు వేగం. ‘78’ (నిమిషానికి 78 చుట్లు) అన్న మాట తర్వాత స్థిరపడినదే తప్ప, తొలినాళ్లలో ఒక్కో కంపెనీ, ఒక్కోసారి ఒక్కో రోజు, ఒక్కో వేగంతో రికార్డు చేసేది. ఇ మైనర్ అనే శ్రుతిలో ఉండవలసిన ఆ కరూసో పాట నేను 78తో తిప్పినప్పుడు పావు స్వరం పైకి పోయింది. కీబోర్డు పక్కన పెట్టుకుని శ్రుతి కలుపుకుంటూ వస్తే 76 దగ్గర కుదిరింది. వేగం మారితే శ్రుతి ఒక్కటే కాదు, గొంతు స్వభావమే మారుతుంది. వేగం పెరిగితే లోతైన గొంతు కాస్త పీలగా, వయసు తక్కువగా వినిపిస్తుంది.

ఇక గరగర విషయం. 1925 ప్రాంతంలో మైక్రోఫోను రాకముందు గాయకుడు పెద్ద కొమ్ములోకి పాడితే, ఆ గాలి ఒత్తిడితోనే పొర కదిలి, ముల్లు మైనం మీద గాడి చెక్కేది. అందువల్ల హెచ్చు శ్రుతి ధ్వనులు చాలా తక్కువగా పడ్డాయి; హల్లుల స్పష్టత, ఊపిరి చప్పుడు వంటివి పడిన ఆ కాస్తా సరిగ్గా గరగర ఉన్న చోటే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ రెంటినీ విడదీయలేక కలిపి తీసేస్తుంది. నా ఎంపీ3లో కరూసో దుప్పటి కప్పుకుని పాడినట్టుంది, ఏడుపుకు ముందు ఆయన తీసే ఊపిరి మాయమైంది. ఇల్లు మారేటప్పుడు ప్లేటు పగిలింది. దాని నుంచి నాకు మిగిలింది ఆ దుప్పటి గొంతు మాత్రమే.

కరూసో ప్లేటు కాబట్టి ఇంకొకటి దొరికింది. అన్నిటికీ ఆ అవకాశం ఉండదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో గ్రంథపాలకుడిగా పనిచేసిన లయొనెల్ మేపుల్‌సన్, 1901–1903 మధ్య ఎడిసన్ ఫోనోగ్రాఫుతో, ప్రదర్శన జరుగుతుండగానే మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు. మొదట గాయకులకు మాటలు అందించే ప్రాంప్టర్ కూర్చునే గూటి నుంచి, తర్వాత రంగస్థలం పైన ఎత్తున ఉన్న నడవ నుంచి. ఒక్కోటి రెండు నిమిషాలే కాబట్టి పాట మధ్యలో తెగిపోతుంది, గొంతు ఎక్కడో దూరంగా ఉంటుంది, కానీ చప్పట్లు కూడా వినిపిస్తాయి. ఆనాటి గొప్ప టెనర్ (హెచ్చు స్థాయిలో పాడే పురుష గాయకుడు) జాన్ డి రెస్కే గొంతు మనకు మిగిలింది ఆ సిలిండర్లలోనే. మైనం మెత్తనిది, పెట్టిన ప్రతిసారీ గాడి అరుగుతుంది, బూజు కూడా పడుతుంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఇప్పుడు లేజర్ సాయంతో నడిచే యంత్రం మీద ఇటువంటి సిలిండర్లను డిజిటల్ చేస్తోంది. ఆ రికార్డింగులను హెడ్‌ఫోన్లలో మొదటిసారి విన్నప్పుడు, గరగర వెనక నుంచి గొంతు లేచిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ గరగరను ఎవరైనా ముందే తుడిచేసి ఉంటే ఆ గొంతు నాకు అందేది కాదు.

కాబట్టి మీ ప్లేట్లను ముందు సాఫ్ట్‌వేర్‌తో శబ్దానికి ఏ శుద్ధీ చేయకుండా, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్కించండి. ఎల్పీ ముల్లు వాడకండి. అది సుమారు 18 మైక్రాన్ల మొన, 78 గాడికి 75 మైక్రాన్ల దాకా కావాలి, లేకపోతే గాడి అడుగున దుమ్మును గీరుకుంటూ పోతుంది. ముల్లు పరిమాణం, వేగం, ప్లేటు మీద ఉన్న అంకెలన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో రాసి పక్కన పెట్టండి. వినడానికి శుద్ధి చేసిన ప్రతి వేరేగా చేసుకోవచ్చు, దానికి అడ్డేమీ లేదు.

ఇది ఒపేరాకే పరిమితం కాదు. 1902 ఏప్రిల్‌లో మిలాన్‌లో కరూసోను రికార్డు చేసిన గ్రామఫోన్ కంపెనీ ఇంజనీరు ఫ్రెడ్ గైస్‌బర్గే అదే ఏడాది నవంబరులో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్‌ను రికార్డు చేశాడు. మన ఇళ్లలో అటకెక్కిన నాటక పద్యాల ప్లేట్లకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

మీ నాలుగు ప్లేట్ల లేబుల్ పక్కన నల్లని భాగంలో చెక్కిన అంకెలు రాసి పంపితే, ఏ వేగంతో మొదలుపెట్టాలో చూసి చెబుతాను.