మావాడు క్లబ్‌కు రానంటున్నాడు

ప్రశ్న: మాది హన్మకొండ. కాలనీలో కొందరు తండ్రులం కలిసి పోయిన జూన్‌లో తండ్రీకొడుకుల క్లబ్ పెట్టాం, నెలకో ఆదివారం ఫోన్లు పక్కనపెట్టి పిల్లలతో గడపాలని. వానాకాలంలో పాఖాల, తర్వాత వినాయక మండపం, చలికాలంలో లక్నవరం. తొమ్మిదో తరగతి చదివే మావాడిదే హుషారంతా, మండపానికి లైట్లన్నీ వాడే పెట్టాడు. రామప్పలో క్విజ్ పెడితే ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. నాకు తల కొట్టేసినట్టయి అక్కడే నాలుగు మాటలన్నాను. అప్పట్నుంచి రానంటున్నాడు. తండ్రి దుబాయ్‌లో ఉన్న తన దోస్తును చేర్చుకొమ్మని కూడా అడిగాడు, రూల్ ఒప్పుకోదన్నాం. కన్వీనర్ కొడుకే రాకపోతే నా పరువేం కావాలి?

జవాబు: మీ పరువు సంగతి తర్వాత చూద్దాం. ఆ గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని, ఇటుకలు నీళ్లమీద తేలుతాయని వాడికి తెలియకపోయి ఉండొచ్చు, తెలిసినా ఆ టెన్షన్‌లో నోరు రాకపోయి ఉండొచ్చు. ఆదివారం పూట అంత దూరం వచ్చింది పరీక్ష రాయడానికైతే కాదు కదా. ఇంట్లో తిడితే సాయంత్రానికి మర్చిపోయేవాడేమో, తోటి పిల్లల ముందు చిన్నబోతే ఆ వయసులో అంత తొందరగా మర్చిపోరు.

ఇంకో సంగతి. పేరుకు తండ్రీకొడుకుల క్లబ్, కానీ ఎక్కడికి పోవాలి, ఎవరు చేరాలి అన్నీ తండ్రులే తేల్చారు. వాడు నోరు తెరిచి అడిగింది ఒక్కటే, అదీ తన కోసం కాదు. మన దగ్గర, జగిత్యాల, సిరిసిల్ల వైపు మరీ, గల్ఫ్‌కు పోయిన తండ్రులు ఎంతమందో మీకు తెలియనిది కాదు, ఆ పిల్లలకే చోటు లేకుండా రూల్ ఎట్లా పెట్టారో నాకైతే అర్థం కాలేదు. మేనమామో పెద్దనాన్నో తోడు రావచ్చు, లేదంటే మీరే ఇద్దరినీ తీసుకుపోవచ్చు.

ఈ వారంలోనే వాడిని బండి ఎక్కించుకొని భద్రకాళి బండ్ వైపు పోండి. ఎదురుగా కూర్చోబెడితే క్లాసు పీకుతున్నారనుకుంటాడు, నడుస్తూ మాట్లాడండి. "ఆ రోజు అందరి ముందు అట్లా అనాల్సింది కాదురా" అని అక్కడితో ఆపండి. "కానీ నువ్వు కూడా" అన్నారో, మళ్లీ మొదటికొస్తుంది. క్లబ్‌కు రమ్మని అప్పుడే అడగకండి. క్విజ్ తర్వాత పిల్లలెవరైనా ఏడిపిస్తున్నారా అన్నది మాత్రం మెల్లగా కనుక్కోండి. బడికి పోవడం, తిండి, నిద్ర కూడా దెబ్బతింటుంటే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులేం అడగరు.

కన్వీనర్ పదవిని కొన్నాళ్లు ఇంకొకరికి ఇవ్వండి, కొడుకు రాకపోతే పరువు పోతుందన్న బెంగ సగం అక్కడే తీరుతుంది. వచ్చే చవితికి మండపం పని చందా లెక్కతో సహా పిల్లలకే వదిలేయండి, ఆ దోస్తునూ కలుపుకొమ్మనండి. మీవాడు దానికీ రానంటే ఊరుకోండి. వైరింగ్ దగ్గర మాత్రం పని తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉండాలి, వానల్లో కరెంటుతో ఆటలొద్దు.