నిద్ర మానుకుని డిగ్రీ చదవకండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో చేస్తున్నాను. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. సూపర్‌వైజర్‌ని చేయాలంటే డిగ్రీ ఉండాలంటున్నారు. మావారు లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు బయటే. ఇంట్లో అత్తగారు, ఏడో తరగతి పాప, రెండో తరగతి బాబు. దూరవిద్యలో బీఏ చేద్దామనుంది. రోజూ మూడింటికి లేచి చదివితే మూడేళ్లలో అయిపోతుందా?

జవాబు: చదవండమ్మా, తప్పకుండా చదవండి. మూడింటికి మాత్రం లేవకండి. రాత్రి పదకొండింటికి నడుం వాల్చే మనిషి మూడింటికి లేస్తే రెండు వారాలు నడుస్తుంది. మూడో వారం కౌంటర్లో బిల్లు తప్పుతుంది, లేదా బాబు మీద ఊరికే చెయ్యి లేస్తుంది. తర్వాత పుస్తకాలు అటకెక్కుతాయి. చదువు మధ్యలో వదిలేసి నా దగ్గరికొచ్చిన ఆడవాళ్లలో తెలివి చాలక మానేసినవాళ్లు తక్కువ. ఒంట్లో ఓపిక లేక మానేసినవాళ్లే ఎక్కువ.

ఆ గంటలు ఇంటి పనిలోంచి రావాలి. అందుకు నోరు తెరిచి అడగాలి. ఉత్తరంలో అత్తగారి గురించి ఒక్క మాటే రాశారు. ఆవిడకు ఈ సంగతి చెప్పారా? "అత్తయ్యా, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా చదువుకుంటాను, ఆ కాసేపు పిల్లల్ని మీరు చూడండి" అని సూటిగా అడగండి. పాప హోంవర్కు, మీ అసైన్‌మెంటు ఒకే బల్ల మీద పెట్టుకోండి. మీవారు ఇంట్లో ఉన్న రోజుల్లో రాత్రి వంట ఆయనది.

మూడేళ్లలోనే ముగించాలన్న పట్టుదల వద్దు. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) బీఏకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువుంది. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. తెలంగాణలో బడులు తెరిచేది కూడా జూన్‌లోనే. యూనిఫాంలు, ఫీజులు, పుస్తకాలకు అట్టలు అన్నీ అప్పుడే మీద పడతాయి కాబట్టి ఆ విడతలో ఒకటి రెండు పేపర్లే రాయండి, మిగతావి డిసెంబర్‌లో రాయొచ్చు. అసైన్‌మెంట్లకు 30 శాతం వెయిటేజీ ఉంది. వాటిని చివరి వారానికి వదిలితేనే కష్టం.

తెలుగు మీడియంలోనే చదవాలనుకుంటే 1982లో మొదలైన మన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. తరగతులు సాధారణంగా ఆదివారాలే కాబట్టి మీ డ్యూటీ చార్టు చూసుకుని చేరండి. వారం సెలవు ఆదివారానికి మార్చమని ఆసుపత్రిలో ముందే అడగండి. సూపర్‌వైజర్ పోస్టుకు దూరవిద్య డిగ్రీ చెల్లుతుందో లేదో కూడా హెచ్‌ఆర్‌లో అప్పుడే కనుక్కోండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తింపున్న కోర్సయితే రెగ్యులర్ డిగ్రీతో సమానమే. "ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తాం" అనేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు, మీరు కౌంటర్లో నిలబడి సంపాదించిన డబ్బది.

అడ్మిషన్ ఫారం తర్వాత నింపొచ్చు. ఈ ఆదివారం ముందు అత్తగారితో కూర్చోండి.