గరాజులో వడ్రంగమా? పొట్టు సంగతి ముందు చూసుకోండి

అమెరికా వచ్చి సొంత ఇల్లు కొన్న తమ్ముళ్లు ఈ మధ్య అడిగేది ఒకటే: "అన్నా, గరాజులో వడ్రంగం మొదలుపెట్టాను. పొట్టు లాగే మిషను ఎన్ని హార్స్‌పవర్‌ది కొనమంటారు?" ఈ సరదా సాధారణంగా పూజామందిరంతో మొదలవుతుంది. నాదీ అంతే. టేకు పలకలు కోసిన వారం తర్వాత మా ఆవిడ దీపపు కుందె మీద వేలితో రాసి చూపించింది. చందనంలా పచ్చటి పొడి! గరాజుకీ వంటగదికీ మధ్య తలుపు ఆ వారమంతా మూసే ఉంది.

హార్స్‌పవర్ సంగతి చివర చూడవచ్చు. ముందు గోడలో కరెంటు చూడండి. మన దగ్గర మామూలు ప్లగ్గుకి 230 వోల్టులు, అమెరికాలో 120. అదే మోటారు ఇక్కడ దాదాపు రెట్టింపు ఆంపియర్లు లాగుతుంది. ఒకటిన్నర హార్స్‌పవర్ కలెక్టరునూ (పొట్టు లాగే మిషను పేరు అదే) టేబుల్ రంపాన్నీ ఒకే 20 ఆంపియర్ల లైనుకి తగిలిస్తే, రంపం చెక్కలో సగం దిగేసరికి బ్రేకర్ పడిపోతుంది. రెండూ కలిసి నడవాల్సినవే కదా! కలెక్టరుకి విడిగా లైను వేయించండి. వీలైతే 240 వోల్టులది మేలు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి లేకుండా కరెంటు జోలికి పోకండి.

రెండోది గొట్టం. నేను బోల్తాపడింది ఇక్కడే. చవకగా వస్తోందని 4 అంగుళాల మెత్తటి మడతల గొట్టాన్ని గరాజంతా పాములా తిప్పాను. కలెక్టరు హోరుమంటోంది, ప్లేనర్ మాత్రం చిత్రిక పొట్టును నా ముఖానే ఊస్తోంది. పొట్టు దారిలో పేరుకోకుండా కదలాలంటే గాలి నిమిషానికి సుమారు 4,000 అడుగుల వేగంతో పోవాలి. ఆ వేగంతో 4 అంగుళాల గొట్టంలో పట్టేది నిమిషానికి 350 ఘనపుటడుగులే. 6 అంగుళాలదైతే 785. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే లోపలి జాగా రెండుంబావు రెట్లవుతుంది మరి. అయితే సన్న గొట్టానికి సరిపడే చిన్న కలెక్టరుకి లావు గొట్టం తగిలిస్తే వేగం పడిపోయి పొట్టు మధ్యలోనే కూర్చుంటుంది. రెండూ జోడీ కుదరాలి. మెత్తటి గొట్టం మిషను దగ్గర రెండు మూడు అడుగులు చాలు, మిగతాదంతా నున్నటి గొట్టమే వేయండి. మలుపులు నిలువుగా విరగకుండా ఏటవాలుగా తిరగాలి. ఒక్కో మిషనుకీ ఒక గేటు పెట్టి, వాడుతున్నది తప్ప మిగతావి మూసేయండి.

ఇంత చేసినా, వడపోత సంచి జల్లెడలాంటిదైతే కలెక్టరు పెద్ద పొట్టును దాచుకుని సన్న ధూళిని గదంతా చిమ్ముతుంది. కంటికి కనబడే పొట్టును చీపురుతో ఊడ్చుకోవచ్చు. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ధూళి గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల దాకా పోతుంది. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. ముఖ్యంగా ముక్కుకీ సైనసులకీ ముప్పు. అందుకే ఒక మైక్రాన్ ధూళిని ఆపే ఫిల్టరు తీసుకోండి, గరుకు కాగితంతో చెక్క రుద్దేటప్పుడు (సాండింగ్) ఎన్95 మాస్కు కట్టుకోండి. డబ్బులు తక్కువైతే మోటారులో ఒక మెట్టు దిగండి, ఫిల్టరులో మాత్రం దిగవద్దు.

గొట్టాన్ని బయటికి వదిలేస్తే ఫిల్టరు ఖర్చే ఉండదు కదా అంటారు. గరాజులో గ్యాసుతో నడిచే వాటర్ హీటర్ ఉందేమో ముందు చూసుకోండి. లోపలి గాలినంతా బయటికి తోడేస్తే, హీటర్ పొగగొట్టంలోంచి పైకి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి మళ్లి ఇంట్లోకి రావచ్చు. పైగా జనవరిలో న్యూజెర్సీ చలిలో, వేడి చేసుకున్న గాలిని ఊరి మీదికి వదిలేయడం!

నిండిన సంచి ఖాళీ చేసేటప్పుడూ మాస్కు తీయకండి. టేకు, మేపుల్ ఏదైనా సరే, పొట్టును పెరట్లో పోయాలనిపిస్తుంది. నల్ల వాల్‌నట్ పొట్టును మాత్రం టమాటా మొక్కల దరిదాపులకు రానీయకండి. అందులోని జగ్లోన్ అనే పదార్థానికి అవి వాడిపోతాయి. ఆ వేసవిలో మా ఇంట పప్పులోకి టమాటాలు కొట్టు నుంచే వచ్చాయి.